కాంక్రీటు పొట్టేలు, కత్తెర పట్టిన చేతులు

మహబూబ్‌నగర్ జిల్లాలో వొక వూళ్లో, గొర్ల దొడ్డి పక్కన వేపచెట్టు కింద కూర్చుని, సంచిలోంచి వొక ఫోటో తీసి కురుమ పెద్దాయన చేతిలో పెట్టాను. రోడ్డు వారన మేడంత పొట్టేలు. మెలి తిరిగిన కొమ్ములు, మెడ చుట్టూ మడతలు మడతలుగా తోలు, వొంటినిండా దట్టంగా ఉన్ని. దాని కాళ్ల దగ్గర నిలబడ్డ మనుషులు బొమ్మలకొలువులో బొమ్మల్లా వున్నారు. పెద్దాయన ఫోటోను చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశాడు. మళ్లీ కళ్ల దగ్గరకు తెచ్చుకుని చూశాడు.

"ఏ దేవుడు సారూ గిది? మా బీరప్పసొంటోడా?"

"దేవుడు కాదు పెద్దయ్యా, బొమ్మ. ఆస్ట్రేలియా దేశంలో వొక వూరి మొదట్లో పెట్టారు. వచ్చేపోయే వాళ్లకు యిది గొర్రెల వూరని తెలియాలని."

"గంత పెద్దగనా! గొర్లు కాసెటోళ్లే కట్టుకున్నరా?"

ఆ ప్రశ్నకు అక్కడికక్కడ వొక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలంటే రెండు వందల ఏళ్ల సంగతి ఎత్తుకోవాలి. పెద్దాయనకు కొంత చెప్పాను. మిగతాది యిక్కడ రాస్తున్నాను.

ఆ వూరి పేరు గోల్‌బర్న్. సిడ్నీ నగరం నుంచి మెల్‌బోర్న్‌కు పోయే హ్యూమ్ రహదారి మీద, సిడ్నీకి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో వుంది. చుట్టూ గొర్రెల మేత భూములు. అక్కడ 1985 సెప్టెంబరులో యీ పొట్టేలును తెరిచారు. "తెరిచారు" అని ఎందుకంటున్నానంటే, అది వుత్త బొమ్మ కాదు, లోపల మూడంతస్తులున్న కట్టడం. ఎత్తు 15 మీటర్లు, అంటే 50 అడుగులు. పొడవు 18 మీటర్లు. బరువు 97 టన్నులు. కింది అంతస్తులో ఉన్ని బట్టలూ, గుర్తుగా కొనుక్కుపోయే సరుకులూ అమ్మే దుకాణం. పై అంతస్తులో ఉన్ని చరిత్ర చెప్పే ప్రదర్శన. కట్టినప్పుడు యింకా పైకెక్కితే పొట్టేలు కళ్లలోంచి వూరును చూడవచ్చు. దగ్గర్లోని పశుక్షేత్రంలో నిజంగా బతికిన ర్యాంబో అనే విత్తన పొట్టేలును చూసి దీన్ని చేశారు. అందుకే జనం దీన్నీ ర్యాంబో అనే పిలుస్తారు. చేసినవాళ్లు విత్తన పొట్టేలుకు వుండవలసినవి ఏవీ దాచలేదు. దాని వెనకవైపు నిలబడి నవ్వుకుంటూ ఫోటోలు దిగే యాత్రికులకు కొదవలేదు.

రోడ్డు పక్క పెద్ద బొమ్మ మనకు కొత్తేమీ కాదు. లేపాక్షికి పోయేవాడికి గుడికంటే ముందు ఎదురయ్యేది ఆ ఏకశిలా నందే. పదహారో శతాబ్దంలో విజయనగర కాలపు శిల్పులు చెక్కింది. ఆ నంది ముందు ఆగినవాడు దణ్ణం పెడతాడు. గోల్‌బర్న్ పొట్టేలు ముందు ఆగినవాడు పర్సు తీస్తాడు. బొమ్మ పెట్టింది దణ్ణం కోసం కాదు, బ్రేకు కోసం. రోడ్డు మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆగాలి. ఆగితే పెట్రోలు పోయించుకుంటారు, టీ తాగుతారు, పిల్లలకు ఏదన్నా కొంటారు. ఆస్ట్రేలియాలో యిలాంటి భారీ బొమ్మలు నూట యాభైకి పైగా వున్నాయి. కాఫ్స్ హార్బర్‌లో 1964 నాటి అరటిపండు, కింగ్‌స్టన్‌లో 1979 నాటి సముద్రపు పెద్దరొయ్య, బాలినాలో 1989 నాటి రొయ్య. వూరు ఏది పండిస్తే, ఏది పడితే, అది రోడ్డు మీదికొచ్చి నిలబడుతుంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో రాక్‌హాంప్టన్ అనే పట్టణం గొడ్డుమాంసం వ్యాపారానికి పేరుపడింది. అక్కడ వూళ్లోకి వచ్చే దారుల్లో రకరకాల జాతుల ఎద్దుల బొమ్మలు నిలబెట్టారు. వాటిలో మూపురం వున్న బ్రాహ్మన్ జాతి ఎద్దు వొకటి. నెల్లూరు పేరుతో సముద్రం దాటిన మన ఒంగోలు పశువు నెత్తురు, గుజరాత్ పశువుల నెత్తురు కలిపి అమెరికాలో తయారుచేసిన జాతి అది. 1933లో అక్కడినుంచి ఆస్ట్రేలియాకు తెచ్చుకున్నారు. మన గిత్త చుట్టం అక్కడ వూరి వాకిట్లో నిలబడి వుందన్నమాట. ఈ రాక్‌హాంప్టన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

దారి ఎటు తిరిగితే పొట్టేలు అటు

1992లో హ్యూమ్ రహదారిని గోల్‌బర్న్ వూళ్లోకి రాకుండా బయటినుంచి తిప్పేశారు. మన దగ్గర బైపాస్ పడ్డ ప్రతి వూళ్లో హోటలు వాడికీ, పంక్చర్ల కుర్రాడికీ, బస్టాండులో జామకాయలమ్మే ముసలమ్మకూ ఏమవుతుందో తెలిసిందే. అక్కడా అదే అయింది. కార్లు వూరి బయటినుంచే పోతున్నాయి. పొట్టేలు పాత రోడ్డు మీద నిలబడి ఎవరూ రాని దారికేసి చూస్తూ వుండిపోయింది. చివరికి 2007 మే నెలలో ఆ 97 టన్నుల పొట్టేలును పునాది మీదినుంచి లేపి, కొత్త రహదారి నుంచి బండ్లు దిగే మలుపు దగ్గరికి తరలించారు.

నిజం గొర్రె అయితే గడ్డి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కాంక్రీటు గొర్రె గిరాకీ ఎక్కడుంటే అక్కడికి పోయింది. దీన్ని తప్పుబట్టడానికి నేనీ మాట అనడం లేదు. వూరు బతకాలి గదా. కాని ఆ పొట్టేలు కాపలా కాస్తున్నది ఎవరి బతుకును, అది వీపు మీద మోస్తున్న ఉన్ని ఎవరిది అన్నది మాత్రం అడగవలసిన మాటే.

"మా దేశం గొర్రె వీపు మీద ఎక్కి పైకి వచ్చింది" అని ఆస్ట్రేలియా వాళ్లు చెప్పుకుంటారు. నిజమే. అయితే గొర్రె వీపు మీద ఎక్కింది అందరూ కాదు. మెరినో గొర్రెలను స్పెయిన్ రాజులు శతాబ్దాల పాటు గడప దాటనివ్వలేదు. అవి అటూ యిటూ తిరిగి 1797లో ఆఫ్రికా దక్షిణ కొన నుంచి సిడ్నీ రేవుకు చేరాయి. జాన్ మెకార్థర్ అనే సైనికాధికారి వాటిని పెంచి, యింగ్లండు వెళ్లి, అక్కడి మిల్లులకు ఉన్ని కావాలని ఆశపెట్టి, 5000 ఎకరాలు యిప్పించుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత పెద్ద మందలవాళ్లు లోపలి భూముల మీద పడ్డారు. 1836లో వచ్చిన చట్టం ప్రకారం ఏడాదికి 10 పౌన్లు లైసెన్సు ఫీజు కడితే చాలు, ఎంత నేల మీదికైనా గొర్రెలను తోలుకోవచ్చు. ఆ నేలమీద వేల ఏళ్లుగా బతుకుతున్న ఆదివాసుల్ని ఎవరూ అడగలేదు. గోల్‌బర్న్ ప్రాంతం గుండుంగుర్రా జనానిది. వాళ్ల వేట నేలలు, నీటి గుంటలు గొర్రెల పాలయ్యాయి. ఎదురు తిరిగినవాళ్లను తుపాకులతో అణిచారు. ఇలా ఆక్రమించుకున్న వాళ్లను అక్కడ "స్క్వాటర్లు" అన్నారు. మాట అర్థం ఆక్రమణదారుడని. రెండు తరాలు తిరిగేసరికి ఆ మాటే పెద్దమనిషికి బిరుదయింది. మన దగ్గర దొర అన్న మాట ఎలా వచ్చిందో ఆలోచించుకుంటే యిది కొత్తగా వుండదు.

1892 నాటికి ఆ దేశంలో గొర్రెలు 10 కోట్లు దాటాయి. మనుషులు అర కోటి కూడా లేరు. మరి యిన్ని గొర్రెల ఉన్ని ఎవరు కత్తిరించారు?

ఎర్ర రంగు గీత

గొర్రె ఉన్ని కత్తిరించడం చూసినవాడికి అది తేలిక పనిలా వుంటుంది. చేసినవాడి నడుము నడిగితే చెబుతుంది. గొర్రెను కూలేసి, రెండు మోకాళ్ల మధ్య యిరికించుకుని, వంగిన నడుము లేపకుండా, తోలు తెగకుండా, ఉన్ని మొత్తం వొక్క దుప్పటిలా వూడి వచ్చేలా కత్తెర నడపాలి. అక్కడి కత్తెరకూలీలు వొక షెడ్డునుంచి మరో షెడ్డుకు వందల మైళ్లు కాలినడకన, గుర్రాల మీద తిరిగేవాళ్లు. కూలి నూరు గొర్రెల లెక్కన. తిండి సరుకులు యజమాని దుకాణంలో, యజమాని చెప్పిన రేటుకు కొనాలి. కూలిలో ఆ బాకీ తెంపుకుంటారు.

అన్నిటికంటే దుర్మార్గం ఎర్ర రంగు గీత. కత్తిరింపు బాగా లేదని యజమానికి తోస్తే, లేక తోచినట్టు నటిస్తే, ఆ గొర్రె మీద రంగుతో వొక గీత గీస్తాడు. గీత పడ్డ గొర్రెకు కూలి లేదు. కొన్ని చోట్ల వొక్క గొర్రె మీద గీత పడితే ఆ దొడ్డిలో కత్తిరించిన మిగతా గొర్రెల కూలి కూడా ఎగ్గొట్టేవాళ్లు. ఉన్ని మాత్రం యజమాని గోదాముకే పోతుంది. అది బాగా లేదని ఎవడూ పారెయ్యడు.

ఈ గీత మన రైతుకు బాగా తెలుసు. పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటిందని పక్కన పెట్టించే మీటరు అదే గీత. వడ్ల కాటా దగ్గర తాలు వుంది, తరుగు తియ్యాలి అనే మాట అదే గీత. సరుకు నాణ్యత చూడవద్దని ఎవరూ అనరు. చూసేవాడూ, కొనేవాడూ, కోత పెట్టేవాడూ వొక్కడే అయినప్పుడు నాణ్యత అన్నది దండుడ్డా అవుతుంది.

1886లో పెద్ద మందల యజమానులు నూరు గొర్రెలకు 20 షిల్లింగులున్న కూలిని పదిహేడున్నరకు తగ్గిస్తామన్నారు. ఆ ఏడాదే కత్తెరకూలీలు యూనియన్ కట్టారు. ఊరూ పేరూ స్థిరంగా లేక, షెడ్డు షెడ్డుకూ తిరిగే కూలీలు సంఘం కట్టడం ఎంత కష్టమో మన వలస కూలీల మధ్య పనిచేసే కార్యకర్తలకు చెప్పనక్కరలేదు. యూనియన్ మనిషి గుర్రమెక్కి షెడ్లన్నీ తిరగాలి. అయినా కట్టారు. 1890లో జొండారియన్ అనే పెద్ద గొర్రెల క్షేత్రం యూనియన్‌లో లేనివాళ్లతో ఉన్ని కత్తిరించింది. ఆ ఉన్ని రేవుకు వచ్చింది. ఓడ రేవులో హమాలీలు ఆ బేళ్ల మీద చెయ్యి వెయ్యమన్నారు. ఉన్ని కత్తిరించింది ఎవరో, మోసేది ఎవరో, వీళ్ల మధ్య వందల మైళ్ల దూరం. ఒకళ్ల ముఖం వొకళ్లు చూసి ఎరగరు. బేళ్లు రేవులోనే పడి వుండేసరికి యజమానులు దిగివచ్చారు.

దిగివచ్చినవాళ్లు వూరుకోలేదు. యజమానులూ సంఘం కట్టారు. 1891 జనవరిలో క్వీన్స్‌లాండ్‌లో "ఒప్పంద స్వేచ్ఛ" అనే కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. స్వేచ్ఛ అంటే ఏమిటి? యూనియన్‌తో మాట్లాడం, వొక్కొక్కడితో విడివిడిగా మాట్లాడతాం అని. వొంటరి కూలివాడికీ లక్ష గొర్రెల ఆసామికీ మధ్య స్వేచ్ఛ! కూలీలు సంతకం పెట్టలేదు. సమ్మె మొదలైంది. బార్కాల్డిన్ వూరి బయట గుడారాలు వేసుకుని వేల మంది కూర్చున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. ఆ సంవత్సరం మే 1న బార్కాల్డిన్ వీధుల్లో వెయ్యి మందికి పైగా ఊరేగారు. ప్రపంచంలో తొలినాటి మే డే ప్రదర్శనల్లో అదొకటి. రోజుకు 8 గంటల పనికి జేజేలు కొడుతూ నడిచినవాళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలన్న సంగతి మనం మే డే నాడైనా తలుచుకోము.

డజనుకు పైగా నాయకుల్ని పట్టుకుపోయారు. ఎక్కడ విచారించారు? రాక్‌హాంప్టన్‌లో. ఇప్పుడు ఎద్దుల బొమ్మలున్న వూళ్లోనే. కుట్ర నేరం మోపి, మూడేళ్ల కఠిన శిక్ష వేసి, సెయింట్ హెలీనా అనే దీవి జైలుకు పంపారు. గుడారాల్లో తిండి అయిపోయింది. ఏడాది నడుమకొచ్చేసరికి సమ్మె విరిగింది. 1894లో మళ్లీ సమ్మె. ఆ ఆగస్టులో డార్లింగ్ నది మీద సమ్మె విచ్ఛిన్నకుల్ని తెస్తున్న రాడ్నీ అనే స్టీమరును కూలీలు తగలబెట్టారు. అదీ వోడిపోయింది. కాని ఆ వోటముల్లోంచే వాళ్లు తమ మనుషుల్ని చట్టసభలకు పంపడం నేర్చుకున్నారు. 1899 డిసెంబరులో క్వీన్స్‌లాండ్‌లో లేబర్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. నిలిచింది వారం రోజులే. అయినా ప్రపంచంలో అటువంటి ప్రభుత్వం అదే మొదటిది.

వొక చేదు మాట కూడా చెప్పాలి. ఇదే యూనియన్ చైనా కూలీలను తనలో చేర్చుకోలేదు. యజమాని గీసిన ఎర్ర గీతను తిట్టినవాళ్లు, తమ పక్కవాడి వొంటి రంగు మీద తామే గీత గీశారు. మన కూలి సంఘాల సభల్లో పైవాళ్లు వొక పక్కా మాదిగపల్లె జనం మరో పక్కా కూర్చున్న రోజులు చూసినవాణ్ని గనక, ఎవరో పరాయి దేశం వాళ్ల తప్పుగా దీన్ని కొట్టిపారెయ్యలేను.

1956లో క్వీన్స్‌లాండ్‌లో కూలి రేటు నూటికి పది తగ్గించినప్పుడు మళ్లీ జనవరి నుంచి అక్టోబరు దాకా కత్తెరలు కింద పెట్టారు. మళ్లీ రేవు కార్మికులు ఆ ఉన్నిని ముట్టలేదు. ఈసారి కూలీలే గెలిచారు.

మరి వీళ్లకు బొమ్మలు లేవా అంటే, అసలే లేవనడం అబద్ధమవుతుంది. జాకీ హౌ అనే కత్తెరకూలీ 1892 అక్టోబరులో చేతి కత్తెరతో 7 గంటల 40 నిమిషాల్లో 321 గొర్రెల ఉన్ని తీశాడు. యూనియన్ మనిషి. బ్లాకాల్ అనే వూళ్లో అతని విగ్రహం వుంది, చేతుల్లో గొర్రెతో. మనిషంత మనిషి. బార్కాల్డిన్‌లో సమ్మె కూలీలు సభలు జరుపుకున్న చెట్టును 2006లో ఎవరో విషం పోసి చంపారు. ఆ మోడును కాపాడి 2009లో దానిమీద స్మారకం కట్టారు. కాని అవి దారి తప్పి వెళ్లి చూడవలసిన మూలలు. రెండు మహానగరాల మధ్య రహదారి మీద, వద్దన్నా కంటపడేది మాత్రం పొట్టేలే.

పొట్టేలు చూసిన ధర

కూలీల సంగతి యిది. రైతుల సంగతీ చూడాలి. గొర్రెలు పెంచేవాళ్లందరూ లక్ష ఎకరాల ఆసాములు కారు. ఇరవయ్యో శతాబ్దంలో చిన్న, నడితరగతి పెంపకందార్లు వేలమంది వున్నారు. ఉన్ని వేలంలో ధర యివాళ వొకటి, రేపు వొకటి. అందుకని 1970ల్లో వొక ఏర్పాటు చేసుకున్నారు. వేలంలో ధర వొక గీత కిందికి దిగితే ఉన్ని కార్పొరేషనే ఆ బేళ్లు కొంటుంది, గోదాముల్లో పెడుతుంది, ధర లేచినప్పుడు అమ్ముతుంది. ఖర్చుకు పెంపకందార్ల దగ్గరే అమ్మకం మీద యింతని సెస్సు వసూలు చేస్తారు. మన మాటల్లో చెప్పాలంటే మద్దతు ధర. ఇది చాలాకాలం బాగానే నడిచింది. గోల్‌బర్న్‌లో పొట్టేలు లేచింది ఆ ధీమా వున్న రోజుల్లోనే.

1987-88లో ఉన్ని ధర ఆకాశానికి లేచింది. ఆ వూపులో మద్దతు ధరను శుభ్రం చేసిన కిలో ఉన్నికి 870 సెంట్లకు పెంచారు. ధర బాగుందని అందరూ గొర్రెలు పెంచారు. 1980ల మొదట్లో పదమూడు, పద్నాలుగు కోట్లున్న గొర్రెలు 1990కి 17 కోట్లు దాటాయి. సరిగ్గా అప్పుడే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. చైనా కొనుగోళ్లు తగ్గించింది. సోవియట్ యూనియన్ అప్పటికే కష్టాల్లో పడి వుంది, అదీ ఆగిపోయింది. మిల్లులు పాలియెస్టర్ వైపు తిరిగాయి. మిగిలిన కొనుగోలుదార్లు, కార్పొరేషన్ ఎంతకాలం కొంటుందో చూద్దామని చేతులు కట్టుకుని కూర్చున్నారు. బేళ్లు గోదాముల్లో గుట్టలు పడ్డాయి. 1990లో ధర 700కు దించారు. ఆగలేదు. 1991 ఫిబ్రవరిలో మద్దతు ధరనే ఎత్తేశారు. అప్పటికి నిల్వ 47 లక్షల బేళ్లు, అప్పు 250 కోట్ల డాలర్ల పైన. బజారులో ధర 870తో పోలిస్తే దాదాపు సగానికి పడింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నోరు రాదు. మేత పెట్టడానికి గతిలేక, అమ్మితే రవాణా ఖర్చులు రాక, లక్షలాది గొర్రెలను గుంటలు తవ్వి అక్కడికక్కడే కాల్చి పూడ్చారు. కాల్చినందుకు తలకింతని ప్రభుత్వం డబ్బిచ్చింది. పెంచినవాడే తుపాకి పట్టుకోవలసి వచ్చింది. ఆ గోదాముల ఉన్నిని పూర్తిగా అమ్ముకునేసరికి 2001 అయింది. ఇవాళ ఆస్ట్రేలియాలో గొర్రెల సంఖ్య 1990లో వున్నదానిలో సగం కూడా లేదు. వున్నవాటిలోనూ మాంసం కోసం పెంచేవి బాగా పెరిగాయి. గొర్రెలు తగ్గాయి గనక కత్తెరకూలీల పనీ తగ్గింది. పెంపకందారుకు కాల్చినందుకైనా పైకం దొరికింది, కత్తిరించేవాడికి పోయిన పనిదినాలకు తలకింతని యిచ్చినవాడు లేడు.

ఢిల్లీ సరిహద్దుల్లో 2020-21లో రైతులు మద్దతు ధరకు చట్టం కావాలని కూర్చున్నప్పుడు, మద్దతు ధర పెట్టడమే తప్పనీ, అది వుంటే సరుకు గుట్టలు పడుతుందనీ చెప్పినవాళ్లున్నారు. అలాంటివాళ్ల చేతికి యీ ఉన్ని కథ మంచి ఆయుధం. కాని కథను సగంలో ఆపకూడదు. ఆస్ట్రేలియా ఉన్ని దాదాపు అంతా విదేశాలకు పోయే సరుకు. కొనేవాళ్ల మీద ఆ దేశానికి పట్టు లేదు. అప్పు బరువు పెంపకందార్ల సెస్సు మీదే పెట్టారు. బియ్యం, కందిపప్పు అలా కాదు, మన జనం తినేవి. రేషన్ దుకాణం ద్వారా పేదవాడి కంచానికి చేర్చగలిగినవి. అలాగని మనం నేర్చుకోవలసిందేమీ లేదనను. బజారు వూపులో వున్న రోజున గొప్పగా వొక అంకె ప్రకటించి, ఎంత పండుతుంది, ఎవరు కొంటారు, ఎక్కడ దాస్తారు అన్నది చూసుకోకపోతే ఆ అంకె గోడమీద రాతగా మిగులుతుంది. ధర అడిగే వుద్యమం గోదాము గురించీ, కొనుగోలు కేంద్రం గురించీ కూడా అంత గట్టిగానే అడగాలి. మన సభల్లో ధర మీద గంట మాట్లాడి, గోదాము మీద రెండు నిమిషాలు మాట్లాడతాం. నేనూ అలా మాట్లాడినవాణ్నే.

మళ్లీ వేపచెట్టు కిందికి

పెద్దాయనకు యిందులో కాల్చిన గొర్రెల సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"జీవాలను పెంచినోడే కాల్చిండా సారూ?"

"పెంచినవాడే పెద్దయ్యా."

"వాని చెయ్యి ఎట్ల లేశింది?"

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం, ఒక కోటి 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు సబ్సిడీ మీద యిరవై గొర్రెలు, వొక పొట్టేలు యిచ్చే పథకం పెట్టింది. లెక్కలు చూస్తే మన దగ్గరా వొక కాంక్రీటు పొట్టేలు పెట్టుకోవచ్చు. కాని పెద్దాయన దొడ్డిలో నల్ల దక్కనీ గొర్రెలు పదో పన్నెండో మిగిలాయి. మిగతావన్నీ పొడుగు కాళ్ల, ఉన్ని లేని నెల్లూరు రకం. మాంసానికి అవే బరువు తూగుతాయి. దక్కనీ ఉన్నికి గిరాకీ పోయింది. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఉన్ని ఎలాగూ లేదు.

వొకప్పుడు ఆ నల్ల ఉన్నితోనే గొంగడి నేసేవాళ్లు. ఆడవాళ్లు నూలు వడికేవాళ్లు, మగవాళ్లు చింతగింజల గంజి పెట్టి గుంటమగ్గం మీద నేసేవాళ్లు. వానకు తడవదు, చలికి వణకనియ్యదు, పరుచుకుంటే పక్క, కప్పుకుంటే యిల్లు. వెట్టి కాలంలో దొర యింట్లో పండగైనా పబ్బమైనా కురుమ యింటినుంచి గొర్రె పైసా లేకుండా పోవలసిందే. పెద్దాయన యింటి గోడమీద దేవుడి పటాల పక్కనే దొడ్డి కొమరయ్య పటం వుంది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకి గుండ్లకు నేలకొరిగిన కొమరయ్య గొర్ల కాపరుల యింటి బిడ్డే.

"మా నాయిన వున్నప్పుడు బొచ్చు కొననీకి ఆసాములు యింటికొచ్చేటోళ్లు సారూ. ఇప్పుడు కత్తిరించకపోతే జీవానికి రోగమొస్తది, కత్తిరిస్తే కూలి మీద పడుతది. బొచ్చుకు మాత్రం అడిగెటోడు లేడు."

ఆ రోజు పొద్దున రెండు గొర్రెలకు ఆయనే కత్తిరించాడట. కత్తెర యింకా దొడ్డి కంప మీదే వుంది, అంచున నల్లటి పోగులు అంటుకుని వున్నాయి. పక్కనే నల్ల ఉన్ని కుప్ప.

ఫోటో తిరిగి యిస్తూ పొట్టేలు వొంటిమీద వేలు పెట్టి చూపించాడు.

"దీని బొచ్చు ఎవలు కత్తిరిస్తరు?"

"అది సిమెంటు గదా పెద్దయ్యా."

"గట్లనా!" అని నవ్వాడు. "అయితే దానికి యిరాం వున్నది."

మబ్బు పట్టింది. కంప పక్కనున్న ఉన్ని తడుస్తుందని నేను లేచి దాన్ని లోపలికి తీద్దామన్నాను. "తడవనియ్యి సారూ" అని ఆయన గొర్రెపిల్లల్ని వొక్కొక్కటే చంకనెత్తుకుని కొట్టంలోకి తీసుకుపోతున్నాడు.